కరెంటు దేనికి పెడుతున్నారు?

మా వూళ్ళో రేడియేషన్ అనరు. "కరెంటు పెట్టించటం" అంటారు. "ఫలానావాళ్ళ ఆవిడకి కరెంటు పెట్టారట", "ఇప్పటికి పది కరెంట్లు అయినయ్యట" అని అరుగుల మీద చెప్పుకుంటారు. ఈ మాట వింటే హాస్టల్లో మా పట్నం మిత్రులు నవ్వుతారు. నేను నవ్వలేను. ఎందుకంటే రెండేళ్ళ కిందట, నేను ఫస్టియర్లో చేరిన కొత్తలో, మా పెదనాన్నకి కరెంటు పెట్టించాం. ఆయనకొచ్చింది క్లోమం కాన్సర్. ఒకరోజు మంచం మీద ముందుకు వంగి కూర్చుని ఆయన నన్నడిగాడు: "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు సైన్సు చదువుతున్నావు గదా, ఈ కరెంటు నా రోగాన్ని ఏం చేస్తుందిరా?"

నా దగ్గర జవాబు లేదు. "తగ్గిస్తుందిలే పెదనాన్నా" అన్నాను. తెలిసి అన్న మాట కాదది. ఈ ఏడు సావనీరుకి ఏదైనా రాయమని యూనియన్ సెక్రటరీ అడిగినప్పుడు నాకు కవిత్వం రాలేదు, ఆ ప్రశ్నే గుర్తుకొచ్చింది. ఈ రెండేళ్ళలో లైబ్రరీలో చదివి, తెలిసిన మెడికోలను అడిగి తెలుసుకున్నదాన్ని బట్టి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఆలస్యమైందని నాకూ తెలుసు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. క్లోమం కాన్సర్‌లో రేడియేషన్ పనికిరాని చికిత్స కాదు. అలాగని సంజీవనీ కాదు. అది చెయ్యగల పనులు కొన్ని వున్నాయి, చెయ్యలేనివి కొన్ని వున్నాయి. ఈ రోగికి, ఈ రోజున, ఏ పని కోసం పెడుతున్నారో ముందుగా చెప్పకుండా దాన్ని పెట్టటం తప్పు. అడక్కుండా పొలం అమ్మి పెట్టించుకోవటం కూడా తప్పే. ఆ రెండో తప్పు మా ఇంట్లో జరిగింది.

మా ఇంట్లో జరిగింది

మాది పొగాకు, శనగ పండించే వూరు. పెదనాన్నకి మొదట కళ్ళు పచ్చబడ్డయ్. నొప్పి లేదు, జ్వరం లేదు. కామెర్లే అనుకున్నాం. పక్క వూరికి తీసుకెళ్ళి మూడు వారాలు పసరు పోయించాం, పథ్యం పెట్టాం, మణికట్టు మీద వాత కూడా వేయించాం. ఒళ్ళంతా దురద, మనిషి చిక్కిపోవటం, ఆ తర్వాత వీపులోకి పొడుచుకొచ్చే నొప్పి. అప్పుడుగాని పట్నం పోలేదు. స్కానింగ్‌లో క్లోమం తలభాగాన గడ్డ కనపడింది. పక్కనే వున్న పెద్ద రక్తనాళాల్ని చుట్టుకుంది గనక ఆపరేషన్ కుదరదన్నారు. పైత్యం దిగటానికి లోపల గొట్టం వేశారు. నాలుగు నెలలు కీమో ఎక్కించారు. ఆ తర్వాత "రేడియేషన్ పెడదాం, కొత్త మిషను వచ్చింది" అన్నారు. మొత్తం ఇరవయ్యెనిమిది సిట్టింగులు, సొంత డబ్బే కట్టాలి.

రోడ్డువార ఎకరం అమ్మేశాం. బేరమాడే వ్యవధి కూడా లేదు. ఆస్పత్రి వెనక సందులో గది అద్దెకి తీసుకుని పెద్దమ్మ, అన్నయ్య దాదాపు ఆరు వారాలు వున్నారు. శని, ఆదివారాలు తప్ప రోజూ పదిహేను నిమిషాల కరెంటుకి నాలుగు గంటలు బెంచీ మీద కూర్చోవటం. అది పూర్తయిన రెండు నెలలకి స్కాన్ తీస్తే క్లోమంలో గడ్డ పెరగలేదు, కాని కాలేయంలో మచ్చలు తేలినయ్. మరో రెండు నెలలకి పెదనాన్న పోయాడు.

ఆ డాక్టరుగారి మీద నాకు కోపం లేదు. రోజుకి ఎంతమందిని చూస్తాడో నేను కళ్ళారా చూశాను. మర్యాద తెలిసిన మనిషి. మేం అడిగింది "మంచిదేనాండీ?" అని. ఆయన చెప్పింది "మంచిదే" అని. ఎకరం పొలం ఆ రెండు మాటల మధ్య పోయింది. దేనికి మంచిది అని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇది కరెంటు కాదు, కాల్చటం కాదు

ముందు ఆ మాట సంగతి చూద్దాం. రోంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనిపెట్టింది 1895లో. క్యూరీ దంపతులు రేడియంను గుర్తించింది 1898లో. కోబాల్ట్-60తో కెనడాలో మొదటి రోగులకు చికిత్స చేసింది 1951లో. ఇవాళ ఎక్కువగా వాడేది లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం. అది తయారుచేసే ఎక్స్‌కిరణాలు శరీరంలోకి పోయి కణంలోని డి.ఎన్.ఏ.ను తెంచుతాయి. దెబ్బతిన్న కణం విభజన చెందబోయి చచ్చిపోతుంది.

మోతాదుని గ్రేలలో కొలుస్తారు. ఒక కిలో పదార్థంలో ఒక జౌల్ శక్తి దిగితే ఒక గ్రే. క్లోమం కాన్సర్‌కి చాలాకాలంగా నడుస్తున్న లెక్క రోజుకి 1.8 గ్రేల చొప్పున 28 రోజులు, మొత్తం 50.4 గ్రేలు. ఫిజిక్స్ చదివేవాళ్ళు లెక్క వేసి చూడండి: కిలో నీళ్ళకి 50 జౌళ్ళు ఇస్తే వేడి సుమారు డిగ్రీలో నూరోవంతు పెరుగుతుంది. అంతే! కాబట్టి ఇది షాక్ కొట్టించటం కాదు, గడ్డని మాడ్చెయ్యటం అంతకన్నా కాదు. "మా మావయ్యని కాల్చేశారండీ" అని ఏడ్చేవాళ్ళని నేను చూశాను. ఆ భయం తీర్చటం సైన్సు విద్యార్థులుగా మన మొదటి పని.

క్లోమం దగ్గర ఎందుకు కష్టం?

గర్భాశయ ముఖద్వారం, గొంతు, ఇలాంటి చోట్ల కాన్సర్‌ని ఇదే రేడియేషన్ నయం చేసిన సందర్భాలు ఎన్నో వున్నాయి. మా వూళ్ళోనే అలా బతికి బట్టకట్టిన ఒక అవ్వ వుంది. ఆమెను చూసే మా వాళ్ళు ధైర్యం చేశారు. అయితే క్లోమం సంగతి వేరు. దానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది, అది వున్న చోటు. క్లోమం కడుపు వెనకాల, వెన్నుపూసకి ముందు దాక్కుని వుంటుంది. దాని తలని ఆంత్రమూలం కొడవలిలాగా చుట్టుకుని వుంటుంది. పక్కనే జీర్ణాశయం, మూత్రపిండాలు, పైన కాలేయం. పేగు రేడియేషన్‌కి తట్టుకోలేదు, పుండు పడుతుంది, రక్తం కారుతుంది. పైగా ఊపిరి తీసినప్పుడల్లా క్లోమం ఒక సెంటీమీటరో ఇంకా ఎక్కువో కిందికీ పైకీ కదుల్తుంది. పొగాకు బ్యారన్‌లో మంట తక్కువైతే ఆకు పచ్చిగా మిగుల్తుంది, ఎక్కువైతే మాడుతుంది. ఆ రెంటికీ నడుమ సందు చూసుకునేవాడే పనివాడు. క్లోమం దగ్గర ఆ సందు మరీ ఇరుకు.

రెండోది, ఆక్సిజన్. కిరణాలు చేసిన గాయాన్ని కణం బాగుచేసుకోకుండా చేసేది ఆక్సిజనే. అది అందని కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్లు మోతాదు కావాలి. క్లోమం గడ్డ గట్టి నారలాంటి కణజాలంతో నిండి, రక్తనాళాలు తక్కువై, లోపల ఆక్సిజన్ కరువుతో వుంటుంది.

మూడోది అన్నిటికంటే పెద్దది. ఈ కాన్సర్ ఒకచోట వుండదు. కంటికి కనపడకముందే విత్తనాలు రక్తంలో పడి కాలేయానికి చేరతాయి. రేడియేషన్ గురిపెట్టిన చోటే పనిచేస్తుంది. తుంగ వేళ్ళు చేనంతా పాకిన తర్వాత ఒక్క సాలు శుభ్రంగా తవ్వితే ఆ సాలు బాగుంటుంది. చేను బాగుపడదు. మా పెదనాన్నకి జరిగింది అదే. కరెంటు పెట్టినచోట గడ్డ ఆగింది. రోగం ఆగలేదు.

పరీక్షలు ఏం చెప్పినయ్?

కొత్త ఎరువు మంచిదో కాదో తెలియాలంటే ఒకే చేలో రెండు మడులు చేసి, ఒకదానికి వేసి ఒకదానికి వెయ్యకుండా చూడాలి. వైద్యంలోనూ అంతే. రోగుల్ని చీట్లు తీసినట్టు రెండు గుంపులు చేసి చూస్తారు.

మా పెదనాన్నలాంటివాళ్ళ మీదే, అంటే ఆపరేషన్ కుదరక, దూరం పాకినట్టు కనపడనివాళ్ళ మీద, ఫ్రాన్స్ ఆధ్వర్యంలో ఎల్.ఎ.పి.07 అనే పరీక్ష జరిగింది. ఫలితాలు 2016లో వచ్చినయ్. నాలుగు నెలల కీమో తర్వాత రోగం ముదరని 269 మందిలో కొందరికి కీమోనే కొనసాగించారు, కొందరికి రేడియేషన్ జోడించారు. మధ్యస్థ ఆయుర్దాయం కీమో గుంపులో 16.5 నెలలు, రేడియేషన్ గుంపులో 15.2 నెలలు. అంటే ఆయుష్షు పెరగలేదు. అయితే గడ్డ వున్నచోటే మళ్ళీ పెరగటం మాత్రం 46 శాతం నుంచి 32 శాతానికి తగ్గింది. మళ్ళీ కీమో మొదలుపెట్టక తప్పని రోజు కూడా కొంత వెనక్కి జరిగింది. ఈ రెండూ చిన్న లాభాలు కావు. కాని "ప్రాణం నిలుస్తుంది" అని పొలం అమ్మే మనిషి కొనుక్కుంటున్నది ఇవి కావు.

ఆపరేషన్ కుదిరేవాళ్ళ సంగతి వేరు. నెదర్లాండ్స్‌లో 246 మంది మీద జరిగిన ప్రీయోపాంక్ పరీక్షలో, ముందు కీమోతోపాటు రేడియేషన్ పెట్టి తర్వాత ఆపరేషన్ చేసినవాళ్ళలో అయిదేళ్ళు బతికినవాళ్ళు 20.5 శాతం. నేరుగా ఆపరేషన్‌కి తీసుకెళ్ళినవాళ్ళలో 6.5 శాతం. ఈ లెక్కలు 2022లో ప్రచురించారు. అదే ఏడు అమెరికా నుంచి మరో ఫలితం వచ్చింది. ఆపరేషన్‌కి సరిహద్దులో వున్న రోగులకి గట్టి కీమో మాత్రమే ఇచ్చిన గుంపులో ఏడాదిన్నరకి 66.7 శాతం బతికి వున్నారు. కీమోతోపాటు, గురిచూసి అయిదు సిట్టింగుల్లో పెట్టే కొత్త పద్ధతి రేడియేషన్ కూడా ఇచ్చిన గుంపులో 47.3 శాతమే. ఆ రెండు గుంపుల్ని ఎదురెదురు పెట్టి పోల్చటానికి వేసిన పరీక్ష కాదది. అయినా రేడియేషన్ గుంపుని మధ్యలోనే ఆపేశారు.

కాబట్టి "కొత్త మిషను" అన్న మాట ఒక్కటే విని మురిసిపోకూడదు. ఎం.ఆర్.ఐ.తో చూస్తూ, ఊపిరితోపాటు కదిలే గడ్డని గురిచూసి కిరణం వదిలే యంత్రాలు వచ్చినయ్. వాటితో పేగుకి దెబ్బ తగ్గించి ఎక్కువ మోతాదు ఇస్తున్నారు. అవి ముందుకు రావాలని నేనూ కోరుకుంటాను. కాని యంత్రం కొత్తదైనంత మాత్రాన రోగం పాతదారి మానదు.

ఎవరూ చెప్పని మేలు

ఇప్పుడు రెండోవైపు చెప్పకపోతే నేను అబద్ధం ఆడినవాణ్ణవుతాను. కరెంటు మొదలుపెట్టక ముందు పెదనాన్న వెల్లకిలా పడుకోలేకపోయేవాడు. మోకాళ్ళ మీద దిండు పెట్టుకుని, దాని మీదికి వంగి రాత్రంతా కూర్చునేవాడు. క్లోమం వెనకాల, పెద్ద ధమనికి ముందు ఒక నాడుల గుంపు వుంది. గడ్డ దాన్ని పట్టుకుంటే నొప్పి వీపులోకి పొడుస్తుంది. కరెంటు అయిపోయిన రెండు మూడు వారాలకి ఆయన పడుకుని నిద్రపోయాడు. "ఒరేయ్, వీపు ఆనిందిరా మంచానికి" అన్నాడు. ఆ రాత్రి పెద్దమ్మ కూడా నిద్రపోయింది. అందరూ అనుకున్న పని అది చెయ్యలేదు, ఎవరూ చెప్పని పని చేసింది.

నొప్పి తగ్గించటం రేడియేషన్‌కి వున్న అసలైన పనుల్లో ఒకటి. కేవలం దానికోసమైతే ఇరవయ్యెనిమిది రోజులు అక్కర్లేదు, వారం రెండు వారాల్లో ముగించే చిన్న కోర్సులు వున్నాయి. ఆ నాడుల గుంపు మీదనే ఒక్క సిట్టింగులో 25 గ్రేలు పెట్టి చూసిన పరీక్ష ఫలితం 2024లో వచ్చింది. మూడు వారాలకి లెక్క చూడగలిగినవాళ్ళలో 53 శాతం మందికి నొప్పి తగ్గింది. ఇది అన్నిచోట్లా దొరికే చికిత్స ఇంకా కాలేదు. కాని దారి ఎటువైపు వుందో తెలుస్తోంది గదా!

ఇంకో మాట. రేడియేషన్ పనిచెయ్యటానికి వారాలు పడుతుంది. ఈలోగా నొప్పికి మార్ఫిన్ వుంది. మా పెదనాన్నకి నొప్పి మొదలైన రెండు నెలల దాకా ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. మత్తుపదార్థాల చట్టం 1985లో వచ్చిన తర్వాత లైసెన్సుల బాధకి జడిసి ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోవటం మానేసినయ్. 2014లో ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేశారు. కాని భయం చట్టమంత తొందరగా మారలేదు. కేరళలో 1993లో కోళిక్కోడ్ మెడికల్ కాలేజీలో మొదలైన నొప్పి నివారణ క్లినిక్ ఇవాళ వూరూరా ఇంటికే వచ్చి చూసే ఏర్పాటుగా పెరిగింది. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సర్ ఆస్పత్రిలోనూ ఇలాంటి విభాగం వుంది. మిగిలిన జిల్లాల మాటేమిటి? కరెంటు మిషనుకి రిబ్బను కత్తిరించే పెద్దలు మార్ఫిన్ బిళ్ళ సంగతి ఎప్పుడైనా అడిగారా?

రెండు ఆక్షేపణలు

ఈ మాటలు హాస్టల్లో అంటే ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. "డబ్బున్నవాడు అన్నీ చేయించుకుంటాడు. రైతు దగ్గరికి వచ్చేసరికి పరీక్షలూ శాతాలూ చెప్పి ఇంటికి పొమ్మంటావా?" అని. న్యాయమైన ప్రశ్నే. కాని నేను పొమ్మనటం లేదు. పనికొచ్చే రేడియేషన్ పేదవాడికి పైసా లేకుండా అందాలి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ కాన్సర్ చికిత్సను అందులో చేర్చింది, అది మంచి పని. భాభా అణుకేంద్రం మన దేశంలోనే భాభాట్రాన్ అనే కోబాల్ట్ యంత్రాన్ని తయారుచేసింది, అదీ మంచి పని. నేనంటున్నది వేరు. డబ్బున్నవాడికి ఎకరం పోతే ఎకరమే పోతుంది. మాలాంటివాళ్ళకి ఎకరం పోతే చెల్లెలి చదువు పోతుంది. నిజం తెలుసుకునే అవసరం ఎవరికెక్కువ?

రెండో ఆక్షేపణ మా ఇంట్లోదే. "నిజం చెబితే ఆ మనిషి అప్పుడే పోయేవాడు" అంటుంది పెద్దమ్మ. నేనామెతో వాదించలేను. కాని నలభయ్యేళ్ళు వాననీ, వేలంపాట ధరనీ నమ్ముకుని సేద్యం చేసిన మనిషి మా పెదనాన్న. పంట పోయిందని తెలిసిన సాయంత్రం కూడా ఎద్దులకి మేత వేసి పడుకున్నవాడు. ఆయన నిజానికి జడిసేవాడు కాదు. తనకి మిగిలింది కొద్ది నెలలే అని చెబితే అందులో ఆరు వారాలు అద్దె గదిలో గడపటానికి ఒప్పుకునేవాడో, ఒప్పుకునేవాడు కాదో! శనగ విత్తే రోజుల్లో చేలో వుండాలని వుందని ఆ గదిలో రెండుసార్లు అన్నాడు. ఒప్పుకునేవాడేమో కూడా. అది ఆయన తేల్చుకోవలసిన లెక్క. మేం ఆయన చేతికి ఇవ్వలేదు.

మనం చెయ్యగలిగింది

రేడియేషన్ పెడదామన్నప్పుడు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇది నయం చెయ్యటానికా, ఆపరేషన్‌కి సిద్ధం చెయ్యటానికా, గడ్డని కొన్నాళ్ళు ఆపటానికా, నొప్పి తగ్గించటానికా? ఎన్ని రోజులు, ఇంతకన్నా తక్కువ రోజుల పద్ధతి వుందా? పేగుకీ, ఒంటికీ ఏం నష్టం రావచ్చు? పెట్టకపోతే ఏమవుతుంది, దాని బదులు ఏముంది? ఈ నాలుగింటికీ జవాబు తెలుగులో, ఒక్క కాగితం మీద, సంతకం పెట్టించుకునే ముందు ఇవ్వటం ఏ ఆస్పత్రికైనా భారం కాదు. అలా ఇవ్వాలని ప్రభుత్వం రూలు చెయ్యాలి.

ఇక మన వంతు. ఏటా ఎన్.ఎస్.ఎస్. కాంపులకి పల్లెలు పోతున్నాం, రోడ్లు వూడుస్తున్నాం. ఈసారి ఇంకో మాట కూడా చెప్పి వద్దాం. పెద్దవయసువాళ్ళకి నొప్పి లేకుండా కళ్ళు పచ్చబడితే పసరు కోసం పరిగెత్తకుండా స్కానింగ్‌కి పొమ్మని చెబుదాం. క్లోమం కాన్సర్ బయటపడేసరికి ఆపరేషన్ చెయ్యగలిగిన స్థితిలో వుండేది నూటికి పదిహేను ఇరవై మందే. మేం పసరుకి పోగొట్టిన మూడు వారాలు పెదనాన్నని ఆ ఇరవైలో చేర్చేవని నేననను, కాని ఇంకెవరినైనా చేర్చవచ్చు. చుట్టా, బీడీ మానమని కూడా చెబుదాం. పొగతాగేవాళ్ళకి ఈ కాన్సర్ వచ్చే అవకాశం సుమారు రెట్టింపు. పొగాకు అమ్మి నన్ను చదివిస్తున్న ఇంట్లో పుట్టి ఈ వాక్యం రాయటం నాకు తేలిక్కాదు. అయినా రాయాలి.

పెదనాన్న ప్రశ్నకి జవాబు ఇప్పుడైతే ఇలా చెబుతాను: "పెదనాన్నా, ఇది రోగాన్ని పోగొట్టదు. గడ్డని కొన్నాళ్ళు ఆపొచ్చు. నీ వీపు నొప్పి తగ్గే అవకాశం బాగా వుంది. దానికి చిన్న కోర్సు చాలేమో అడుగుదాం. పొలం మాత్రం అమ్మొద్దు." ఇంతకన్నా పెద్ద సైన్సేం లేదు ఇందులో. మీ ఇళ్ళల్లో మిమ్మల్నీ ఎవరో ఒకరు అడుగుతారు, ఎందుకంటే మీరు చదువుకుంటున్నారు. ఆ రోజున నాలాగా "తగ్గుతుందిలే" అనకండి. తెలుసుకుని చెప్పండి.